రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు, మారిపోయే వైరస్, కొత్త పెట్టెలు: నూజివీడు రైతుకు నా జవాబు

నూజివీడు దగ్గర మామిడితోటలో 20 ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు పెట్టుకున్న రైతు ఒకరు అడిగిన ప్రశ్నలివి. ఆరు పెట్టెల ముందు రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు నేల మీద పాకుతున్నాయి, వైరస్ అంటున్నారు, దీనికి మందు ఉందా? వైరస్ మారిపోయి కొత్త రకం దిగిందని కూడా అంటున్నారు, నిజమేనా? బయటి నుంచి ఇంకో 30 పెట్టెలు తెచ్చి కలిపితే కాలనీలు బలపడతాయా? గట్టు మీద చింతచెట్టు తొర్రలో మన దేశవాళీ పుట్టతేనెటీగలు ఉన్నాయి, వాటికీ అంటుకుంటుందా?

ముందు ఆ 30 పెట్టెల సంగతి. అడ్వాన్స్ ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే లారీ ఎక్కించవద్దని ఈ రోజే ఫోన్ చేయండి. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, ఇదొక్కటి మాత్రం ఆగదు. ఎందుకు వద్దంటున్నానో అర్థం కావాలంటే వైరస్ ఎలా మారుతుంది, ఎలా ప్రయాణం చేస్తుంది అన్నది కాస్త వివరంగా చెప్పాలి. అందుకే జవాబు పొడుగైంది. ఓపిగ్గా చదవండి.

మొదట రోగం అదేనా కాదా తేల్చుకోండి. ఉదయం ఎండ పడే వేళకి పెట్టె గుమ్మం ముందు ఒక తెల్ల గుడ్డ పరవండి. పాకుతున్న ఈగ ఒకదాన్ని వేలి మీదకి ఎక్కించుకుని దగ్గరగా చూడండి. వంకర రెక్కల వైరస్ అయితే రెక్కలు నీళ్లలో తడిసి ఎండిన కాగితంలా ముడతలు పడి, కురచగా, వీపు మీద అతుక్కుని ఉంటాయి. పొట్ట మామూలు ఈగకంటే పొట్టిగా, ఉబ్బినట్టుగా కనబడుతుంది. ఒంటి మీద నూగు లేతగా ఉంటుంది, ఎందుకంటే అది పట్టులోని అరలోంచి బయటికొచ్చి గంటలే అయింది. ముసలి ఈగ రెక్కలైతే ముడతలుండవు, అంచులు చిరిగి ఉంటాయి. రెక్కలు బాగానే ఉండి, నాలుక బయటికి చాచి, వెల్లకిలా పడి కొట్టుకుంటుంటే అది పురుగుమందు దెబ్బ. మామిడి మీద ఎవరైనా స్ప్రే చేశారేమో కనుక్కోండి. ఈ మూడూ కలిపేసి అన్నిటికీ వైరస్ అని పేరు పెట్టేవాళ్లని చాలామందిని చూశాను.

మీరు చెప్పింది నిజంగా ముడతల రెక్కలే అయితే అది డీఫార్మ్‌డ్ వింగ్ వైరస్. మనం వంకర రెక్కల వైరస్ అనుకుందాం. దీనికి మందు లేదు. ప్రపంచంలో ఎక్కడా లేదు. టెట్రాసైక్లిన్ కలిపిన పాకం పట్టమని ఎవరైనా చెబితే వినకండి. అది బ్యాక్టీరియా మందు, వైరస్‌ని తాకదు. పైగా తేనెలో ఆ అవశేషం దొరికితే మీ సరుకు కొనేవాడుండడు. మందు ఉన్నది నల్లికి. ఈ వైరస్‌ని ఇంత ప్రమాదకరంగా మార్చింది వర్రోవా నల్లి, అంటే ఈగల ఒంటిని పట్టుకుని బతికే బుల్లి పురుగు. దాన్ని అదుపులో పెడితే వైరస్ దానంతటదే తగ్గుతుంది.

ఇప్పుడు కొత్త రకం మాట. వైరస్ కొత్తది కాదు. జపాన్ నుంచి వచ్చిన ఈగల్లో దీన్ని మొదట గుర్తించి 1980ల మొదట్లోనే ఇంగ్లండ్‌లో బెయిలీ, బాల్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. అంతకుముందు కూడా ఎప్పట్నుంచో ఉండే ఉంటుంది. రాణి గుడ్డు ద్వారా, పోతుటీగ వీర్యం ద్వారా, కూలి ఈగలు లార్వాకి పెట్టే తిండి ద్వారా కాస్త కాస్తగా సాగిపోతూ ఉండేది. కాలనీకి తెలిసేది కాదు, పెంపకందారుకీ తెలిసేది కాదు.

దీని జన్యువు ఆర్ఎన్ఏ, సుమారు 10,000 అక్షరాల పొడవు. మన కణాల్లో డీఎన్ఏకి నకలు తీసేటప్పుడు తప్పులు సరిచూసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఈ జాతి వైరస్‌లకి అది లేదు. ఒక పాత దస్తావేజుని వందమంది కూర్చుని ఒకరి కాపీలోంచి ఇంకొకరు చేత్తో ఎత్తి రాశారనుకోండి. చివరికి ఏ రెండు కాపీలూ ఒక్కలా ఉండవు కదా. ఒక్క ఈగ ఒంట్లో కోట్ల కొద్దీ నకళ్లు తయారయ్యేటప్పుడు జరిగేదిదే. కాబట్టి ఒక ఈగలో ఉండేది ఒక వైరస్ కాదు, దగ్గరి చుట్టాల్లాంటి రకరకాల వైరస్‌ల గుంపు. పైగా రెండు రకాలు ఒకే ఈగలో కలిస్తే, ఒకదాని ముందు సగం, ఇంకొకదాని వెనక సగం అతుక్కుని కలగలుపు రకాలు కూడా పుడతాయి. అంటే వైరస్ మారడం వింత కాదు, ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. తెలుసుకోవాల్సింది ఏమిటంటే, అన్ని రకాల్లో ఏది గెలుస్తోంది, దాన్ని గెలిపిస్తున్నది ఎవరు అని.

ఈ ప్రశ్నకి హవాయి దీవుల్లో దొరికినంత స్పష్టమైన జవాబు ఇంకెక్కడా దొరకలేదు. నేను శిక్షణ ఇచ్చిన ప్రతిచోటా ఈ సంగతి చెబుతాను. 2007 దాకా ఆ దీవుల్లో వర్రోవా లేదు. ఆ ఏడాది ఓహు దీవిలో బయటపడింది, మరుసటి ఏడు బిగ్ ఐలాండ్‌కి చేరింది. కవాయి, మావి దీవులకి మాత్రం అప్పటికి చేరలేదు. అదే సముద్రం, అవే ఈగలు, ఇంచుమించు అదే వాతావరణం. తేడా అల్లా నల్లి ఒక్కటే. ఇలాంటి ప్రయోగం ఎవరైనా చేయాలనుకున్నా చేయలేరు. స్టీఫెన్ మార్టిన్ బృందం నాలుగు దీవుల్లోనూ ఈగల్ని సేకరించి పరీక్షించి, 2012లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. నల్లి లేనిచోట వంకర రెక్కల వైరస్ పది కాలనీల్లో ఒకదాంట్లో దొరికింది. దొరికినా కొద్దిపాటే, కానీ అందులో రకాలు బోలెడు. నల్లి స్థిరపడినచోట అన్ని కాలనీల్లోనూ దొరికింది, ఒక్కో ఈగలో వైరస్ మొత్తం పది లక్షల రెట్లు పెరిగింది. రకాలు మాత్రం తుడిచిపెట్టుకుపోయాయి. దాదాపు ఒక్క రకమే రాజ్యమేలుతోంది.

ఆ ఫలితాలు మొదటిసారి చదివినప్పుడు నాకు మన వరి గుర్తొచ్చింది. వందల దేశవాళీ రకాలుండే చోట ఒక్క రకమే పొలమంతా పరుచుకున్నట్టు. వరిలో అలా చేసింది మనం, వైరస్‌లో చేసింది నల్లి.

ఎలా చేస్తుందంటే, నల్లి తల్లి మూత పడబోయే అరలోకి దూరి లార్వాతో పాటు లోపల ఉండిపోతుంది. ప్యూపా (మూత పడిన అరలో ఈగగా మారుతున్న పిల్ల) ఒంటికి కన్నం పెట్టి, తనూ తన పిల్లలూ అక్కడే తింటాయి. ఈగ రక్తం తాగుతుందని మేమంతా చాలా ఏళ్లు చెప్పాం. ఎక్కువగా తినేది రక్తం కాదు, మన కాలేయంలా పనిచేసే కొవ్వు కణజాలమని 2019లో అమెరికా పరిశోధకులు చూపించారు. నోటి దారిన వచ్చే వైరస్‌కి పేగు అనే గడప ఉంది, అక్కడే చాలావరకు ఆగిపోతుంది. నల్లి ఆ గడప తొక్కనివ్వకుండా నేరుగా ఒంట్లోకి ఎక్కించేస్తుంది. ఆ దారిలో వేగంగా పెరగగలిగిన రకమే మిగతావాటిని తొక్కేస్తుంది. 2014లో బ్రిటన్‌లో రియాబోవ్ అనే ఆయనా సహచరులూ నల్లి లేకుండా, ఉత్త సూదితో రకరకాల వైరస్ గుంపుని ప్యూపాలోకి ఎక్కించి చూశారు. అప్పుడు కూడా ఆ ఒక్క ఉధృతమైన రకమే పైకి తేలింది. అంటే నల్లి కొత్త వైరస్‌ని పుట్టించడం లేదు. ఉన్నవాటిలో చెడ్డదానికి రాచబాట వేస్తోంది.

ఆ గెలిచే రకాల్లో కూడా పోటీ ఉంది. మీకు చెప్పినవాళ్లు విన్న కొత్త రకం బహుశా ఇదే. శాస్త్రవేత్తలు వీటిని ఎ, బి, సి అని మూడు పెద్ద రకాలుగా విడదీశారు. ఎ రకం పాతకాలం నుంచి తెలిసినది. బి రకాన్ని 2004లో నెదర్లాండ్స్ నల్లుల్లో గుర్తించి, మొదట వేరే వైరస్ అనుకుని వర్రోవా వైరస్ అని పేరు పెట్టారు. సి రకం 2016లో ఇంగ్లండ్‌లో తేలింది. వీటిలో బి రకం నల్లి ఒంట్లో కూడా పెరగగలదు, ఎ రకం నల్లిని ఎక్కువగా బండిలా వాడుకుంటుంది. దాంతో బి రకానికి పెద్ద బలం వచ్చింది. అమెరికాలో 2010 నాటి 75 కాలనీల నమూనాల్లో రెండింటిలోనే అది ఉంది. 2016కి వచ్చేసరికి 603 కాలనీలు చూస్తే 66 శాతంలో ఉంది. ఆరేళ్లలో అంత పాకింది.

బి రకం మెతకది, అది ఉంటే ఎ రకాన్ని రానివ్వదు, కాబట్టి మంచిదేనని కొన్నాళ్లు ఒక వాదన నడిచింది. ఇంగ్లండ్‌లో మందు లేకుండా బతుకుతున్న కొన్ని కాలనీల్లో బి రకమే ఎక్కువగా కనబడటం ఆ ఆలోచనకి మూలం. తర్వాత చేసిన పరీక్షల్లో బి రకం కూడా ఈగ ఆయుష్షుని ఎ రకం కంటే ఎక్కువగానే తగ్గించగలదని తేలింది. నా మటుకు నేను ఏ రకాన్నీ నమ్మను. మీ ఈగల్లో ఉన్నది ఏ రకమో తెలుసుకోవాలని ల్యాబ్‌కి డబ్బు పెట్టకండి. ఏ రకమైనా చేయాల్సిన పని ఒకటే. ఆ డబ్బుతో ఈగలు పట్టు కట్టుకునే కొత్త మైనపు అచ్చు రేకులు కొనుక్కోండి.

ఇక ప్రయాణం. వర్రోవా అసలు ఇల్లు ఆసియా, మన పుట్టతేనెటీగ లాంటి ఈగల గూడు. ఇటాలియన్ ఈగ లాంటి ఐరోపా ఈగని మనుషులు ఆసియాకి తెచ్చి పక్కపక్కన పెట్టాక అది కొత్త ఈగ మీదకి దూకింది. ఇన్నాళ్లూ దాన్ని వేరే నల్లిగా పొరబడ్డారని తేల్చి, వర్రోవా డిస్ట్రక్టర్ అని 2000లో సరైన పేరు పెట్టారు. నల్లి ఆసియా నుంచి వెళ్లింది కాబట్టి వైరస్ కూడా ఇక్కణ్ణుంచే వెళ్లిందనుకుంటాం. కానీ ఎన్నో దేశాల నుంచి తెచ్చిన వైరస్ జన్యువుల్ని పోల్చి 2016లో చేసిన అధ్యయనం వేరే సంగతి చెప్పింది. వైరస్ ఐరోపా తేనెటీగలదే. ఐరోపా నుంచి మనుషులు ఈగల్ని ఓడల్లో, విమానాల్లో మిగతా ఖండాలకి పంపిన దారులే వైరస్ దారులు కూడా. నల్లి ఒక దిక్కు నుంచి, వైరస్ ఒక దిక్కు నుంచి వచ్చి ఒకే పెట్టెలో కలుసుకున్నాయి. ఆ రెంటినీ కలిపింది మన వ్యాపారం.

మన దేశంలో ఇటాలియన్ ఈగ నిలదొక్కుకున్నది 1962లో, ఇప్పటి హిమాచల్ ప్రదేశ్ కాంగ్రా లోయలోని నగ్రోటా బగవాన్‌లో, కీటక శాస్త్రవేత్త అత్వాల్ గారి కృషితో. ఇవాళ ఉత్తరాది పెట్టెలు చలికాలం రాజస్థాన్ ఆవతోటలకి, తర్వాత ముజఫర్‌పూర్ లిచీతోటలకి లారీల్లో తిరుగుతాయి. అమ్మేవాళ్లు అందులోంచే తీసి అన్ని రాష్ట్రాలకీ పంపుతారు. మీ 30 పెట్టెలు కూడా అలాంటి చోట ఇంకో వంద మంది పెట్టెల పక్కన ఒక సీజన్ గడిపి ఉంటాయి. వాటిలో ఏ నల్లి, ఏ వైరస్ ఉందో అమ్మేవాడికి కూడా తెలియదు. ఆయన మోసం చేస్తున్నాడని కాదు, కంటికి కనబడదు మరి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. 1989లో తేనెటీగల పని నేర్చుకోవడానికి కొడగు వెళ్లాను. అప్పట్లో అక్కడ కాఫీతోటల్లో, ఇళ్ల పెరళ్లలో ఎటు చూసినా పుట్టతేనెటీగల పెట్టెలే. 1991లో ఒక రోజు మా గురువు ఒక పట్టు ఎత్తి నా చేతికిచ్చి, ఇది చూడు అన్నారు. మూత పడాల్సిన అరలు తెరిచే ఉన్నాయి. లోపల లార్వాలు నిటారుగా, తల పైకెత్తి చచ్చిపోయి ఉన్నాయి. పటకారుతో ఒకదాన్ని లాగితే నీళ్లు నింపిన చిన్న సంచిలా ఊగుతూ వచ్చింది. తోలు కిందంతా నీరు. పెద్ద వాసన కూడా లేదు. ఎండిపోయినవి పడవలా రెండు కొసలూ పైకి వంగి, గోరు తగిలితే రాలిపోయే పెచ్చుల్లా ఉన్నాయి.

అది థాయ్ సాక్‌బ్రూడ్. అదీ వైరస్సే. ఇటాలియన్ ఈగకి సాక్‌బ్రూడ్ ఎప్పట్నుంచో ఉంది, దానికది జలుబు లాంటిది, వచ్చి పోతుంది. అదే వైరస్‌లో జన్యువు తేడా ఉన్న రకం ఒకటి పుట్టతేనెటీగ లార్వాకి ప్రాణాంతకమైంది. చైనాలో గ్వాంగ్‌డాంగ్‌లో 1972లో, థాయ్‌లాండ్‌లో 1976లో కనబడింది. 1978లో మేఘాలయకి వచ్చింది. ఉత్తరాదంతా తిరిగి 1991కి దక్షిణాదికి దిగింది. కర్ణాటక, కేరళ, తమిళనాడుల్లో పెట్టెల్లోని పుట్టతేనెటీగ కాలనీలు 90 శాతం దాకా పోయాయి. తేనె మీద బతికే ఇళ్లలో ఆ రెండేళ్లు ఎలా గడిచాయో నేను కళ్లారా చూశాను.

మేం చేసిన పెద్ద తప్పు చెబుతాను. కాలనీలు బలహీనపడుతుంటే, ఒక్కటైనా బలంగా నిలబడుతుందని రెండేసి కలిపేశాం. చచ్చిన పెట్టెల్లోని మంచి పట్లు పారేయడానికి మనసొప్పక, బతికున్న పెట్టెలకి పంచాం. ఆ పట్లు నా చేతులతోనే పంచాను. ఆ వారంలో పట్లు అందుకున్న పెట్టెల్లో దాదాపు అన్నీ మళ్లీ సంచి లార్వాలు చూపించాయి. వైరస్ గాల్లో ఎగిరి రాలేదు, నేనే చేతికిచ్చాను. ఇప్పుడు మీరు ఆరు జబ్బు పెట్టెల పక్కన 30 కొత్త పెట్టెలు దించి, ఫ్రేములు (పట్టు ఉండే చట్రాలు) అటూ ఇటూ మార్చి బలపరుద్దామని అడిగితే నాకు ఆ వారమే కళ్ల ముందు మెదులుతోంది.

పుట్టతేనెటీగ అంతరించిపోలేదు, అది కూడా చెప్పాలి. అడవిలో, తొర్రల్లో తట్టుకున్న కాలనీలు మిగిలాయి. వాటి పిల్ల కాలనీల నుంచే మళ్లీ పెంపకం లేచింది. ఇక్కడ జన్యు వైవిధ్యం ఈగల వైపు నుంచి పనికొచ్చింది. అన్ని కాలనీలూ ఒకే తీరువైతే ఒక్కటి కూడా మిగిలేది కాదు. చచ్చిన లార్వాని తొందరగా పసిగట్టి బయటికి లాగేసే ఈగలున్న కాలనీలు నిలబడటం నేను గమనించాను.

అందుకే మీ ఆలోచనలో ఒక మంచి సగం ఉంది. కొత్త రక్తం కావాలనుకోవడం తప్పు కాదు. రాణి పది, ఇరవై పోతుటీగలతో కలుస్తుంది. ఒక పెట్టెలో ఎన్ని తండ్రుల పిల్లలుంటే కాలనీకి రోగాన్ని తట్టుకునే బలం అంత ఎక్కువ. కానీ కొత్త రక్తం రాణితో వస్తుంది, దానికి 30 పెట్టెలూ పాత పట్లూ అక్కర్లేదు. నమ్మకమైన పెంపకందారు దగ్గర నల్లి లెక్క తక్కువున్న కాలనీల నుంచి రెండు మూడు రాణుల్ని తెచ్చుకోండి. రాణితో వచ్చిన తోడు ఈగల్ని తీసేసి మీ పెట్టెలోకి ఎక్కించండి. రాణి గుడ్డు ద్వారా కూడా వైరస్ రావచ్చు, ఆ మాట నిజం. కానీ ఆ మోతాదుకీ, నల్లితో నిండిన ఎనిమిది ఫ్రేముల మోతాదుకీ పోలికే లేదు. ఎప్పుడైనా తప్పక పెట్టెలే కొనాల్సి వస్తే మీ తోటకి మూడు కిలోమీటర్ల అవతల వేరేగా పెట్టి, కనీసం 45 రోజులు చూసి, నల్లి లెక్క వేశాకే దగ్గరికి తీసుకురండి.

ఆ లెక్క ఇప్పుడు మీ 20 పెట్టెలకీ కావాలి, జబ్బు కనబడ్డ ఆరింటికే కాదు. వెడల్పు మూతి గాజు సీసా ఒకటి తీసుకుని, మూత మధ్య కోసి, సుమారు 3 మిల్లీమీటర్ల కన్నులున్న జాలీ బిగించండి. దోమతెర వాడకండి, నల్లి అందులోంచి రాలదు. పిల్లలున్న ఫ్రేము తీసి రాణి దాని మీద లేదని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఆ ఫ్రేము నుంచి అర కప్పు ఈగల్ని సీసాలోకి దులపండి, సుమారు 300 వస్తాయి. పైనుంచి మెత్తగా పొడి కొట్టిన పంచదార రెండు పెద్ద చెంచాలు వేసి, ఈగలన్నీ తెల్లబడేలా నిమిషం పాటు మెల్లగా దొర్లించి, రెండు నిమిషాలు నీడలో ఉంచండి. తర్వాత సీసా తలకిందులు చేసి తెల్ల పళ్లెం మీద గట్టిగా ఊపండి. పంచదారతో పాటు నల్లులు రాలతాయి. పళ్లెంలో కాసిని నీళ్లు చల్లితే పంచదార కరిగి, ముదురు ఎరుపు చుక్కల్లా, అడ్డంగా వెడల్పుగా, బుల్లి పీతల్లా కాళ్లాడిస్తూ కనబడతాయి. లెక్కపెట్టండి. ఈగలు చావవు, తిరిగి పెట్టెలో వదిలేయండి, మిగతావి వాటిని నాకి శుభ్రం చేస్తాయి.

300 ఈగల మీద 9 నల్లులు దాటితే ఆలస్యం చేయవద్దని చాలాచోట్ల చెబుతారు. మన దగ్గర ఏడాది పొడవునా పిల్లలుంటాయి కాబట్టి నల్లికి సెలవే ఉండదు. నేనైతే 6 దాటగానే పని మొదలుపెడతాను. రెక్కలు ముడుచుకున్న ఈగలు కంటికి కనబడుతున్న పెట్టెల్లో లెక్క ఎంత వచ్చినా మందు వేయాల్సిందే.

నల్లి సన్నగా, పొడుగ్గా, పట్టు మీద చీమలా పరుగెత్తుతుంటే అది వర్రోవా కాదు, ట్రోపిలెలాప్స్. మన కొండ తేనెటీగల నుంచి వచ్చినది. అది కూడా రెక్కలు ముడిచేస్తుంది, ఇదే వైరస్‌ని మోస్తుంది. రెంటికీ కింద చెప్పేది పనిచేస్తుంది.

నల్లికి వాడే ఫార్మిక్ ఆమ్లం ఇప్పుడు వద్దు. ఎండ 30 డిగ్రీలు దాటితే దాని ఆవిరి రాణినీ పిల్లల్నీ చంపుతుంది, నూజివీడు ఎండలు మీకు తెలియనివి కావు. మామిడి పూత అయిపోయాక ఎలాగూ మేత తగ్గుతుంది, రాణి గుడ్లు తగ్గిస్తుంది. ఆ అదను వాడుకుని రాణిని చిన్న పంజరంలో పెట్టి, అదే పెట్టెలో పట్టు మధ్యలో 24 రోజులు ఉంచండి. ఆ లోపు కూలి ఈగల పిల్లలు, పోతుల పిల్లలు అన్నీ బయటికి వచ్చేస్తాయి, మూత పడిన అర ఒక్కటీ మిగలదు. పెద్ద ఈగని కొరికి బతకలేని ట్రోపిలెలాప్స్ పిల్లలు లేని కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. వర్రోవా దాక్కోవడానికి అర లేక ఈగల ఒంటి మీదే ఉండిపోతుంది. అప్పుడు ఆక్సాలిక్ ఆమ్లం.

పంచదార, నీళ్లు సమంగా కలిపిన పాకం ఒక లీటరుకి 35 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు కలపండి. సిరంజితో ఫ్రేముల మధ్య సందుకి 5 మిల్లీలీటర్ల చొప్పున ఈగల మీద పోయండి. పెట్టెకి మొత్తం 50 మిల్లీలీటర్లు దాటకూడదు. ఒక్కసారే, సాయంత్రం చల్లబడ్డాక. తేనె గది ముందే తీసేయండి. చేతికి తొడుగు, కంటికి అద్దాలు లేకుండా ఆ డబ్బా మూత తీయవద్దు, అది చర్మాన్నీ కళ్లనీ కాలుస్తుంది. మొదటిసారి చేసేటప్పుడు మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో కీటక శాస్త్రం చూసేవారిని పక్కన నిలబెట్టుకోండి. తర్వాత రాణిని వదిలి, పలచని పాకం పట్టండి. జబ్బు పెట్టెల్లో నల్లబడిన పాత పట్లు కరిగించేసి మైనం తీసుకోండి. వాటిని ఇంకో పెట్టెకి ఇవ్వవద్దు. ఫ్రేము అంచు గీకే కత్తిని ప్రతి పెట్టెకీ మధ్యలో బట్టల సోడా కలిపిన నీళ్లలో కడగండి.

ఆక్సాలిక్ వేసిన మర్నాడే రెక్కలు బాగుపడవు. అప్పటికే దెబ్బతిన్న ఈగలు కొన్ని వారాలు రాలుతూనే ఉంటాయి. మొదట్లో చాలామంది ఇక్కడే టెన్షన్ పడి రెండోసారి మందు పోసి కాలనీని చంపుకున్నారు. న్యూజిలాండ్‌లో నల్లి దిగిన కొత్త ప్రాంతాల్ని ఏళ్ల తరబడి గమనించినప్పుడు, కాశ్మీర్ బీ వైరస్ అనే ఇంకో తేనెటీగ వైరస్ రెండేళ్లకి ఉధృతమై మళ్లీ తగ్గిపోయింది, వంకర రెక్కల వైరస్ మాత్రం ఏటా పెరుగుతూ పోయింది. ఇది ఒక్క సీజన్‌లో తీరే లెక్క కాదు.

మందు వేయకుండా వదిలేస్తే ఈగలే తట్టుకుంటాయి కదా అని కూడా కొందరు సలహా ఇస్తారు. బ్రెజిల్ దగ్గర ఫెర్నాండో దె నొరోన్యా అనే చిన్న దీవి ఉంది. 1984లో అక్కడికి నల్లి పట్టిన 20 ఇటాలియన్ కాలనీలు తీసుకెళ్లారు. వాటి సంతతి మందు లేకుండానే ఈ రోజుకీ బతుకుతోంది. వాటిలో నల్లి ఉంది, వైరస్ మాత్రం చాలా తక్కువ. చూడటానికి మీ 20 పెట్టెల లాగే ఉంది గానీ, ఆ దీవి చుట్టూ సముద్రం. బయటి ఈగ రాదు, బయటి వైరస్ రాదు. మీ తోట చుట్టూ సముద్రం లేదు, రోడ్డు ఉంది.

చివరిగా ఆ చింతచెట్టు తొర్ర. వంకర రెక్కల వైరస్ పుట్టతేనెటీగల్లో కూడా దొరుకుతుంది. పూల మీద, పుప్పొడిలో వదిలిన వైరస్ ద్వారా ఒక జాతి నుంచి ఇంకో జాతికి వెళ్లగలదు, బంబుల్ ఈగల్లో కూడా ఇది దొరికింది. కానీ పుట్టతేనెటీగకి వర్రోవాతో వేల ఏళ్ల పరిచయం ఉంది. దాని ఇంట్లో నల్లి పోతుల అరల్లోనే పిల్లల్ని పెడుతుంది. కూలి ఈగల అరలోకి దూరితే ఈగలు పసిగట్టి లాగి పారేస్తాయి. నల్లి పెరగకపోతే వైరస్‌కి ఆ రాచబాట లేదు. ఆ వైపు నుంచి భయం తక్కువ. నాకు భయం సాక్‌బ్రూడ్ గురించి. బయటి నుంచి పుట్టతేనెటీగ పెట్టెలు గానీ, వాటి పాత పట్లు గానీ మీ తోటలోకి రానివ్వకండి. ఆ తొర్రలోని కాలనీని పట్టి పెట్టెలోకి మార్చి ఇటాలియన్ పెట్టెల వరుసలో కూడా పెట్టకండి. ఒక పెట్టె ఈగలు ఇంకో పెట్టె తేనె దోచుకోవడం మొదలైతే ముందు ఓడేది అదే. తొర్ర దగ్గర పట్టు ముక్కలు, మైనం చెత్త పడేయకండి. పాకం ఆరుబయట పట్టవద్దు, రెండు జాతులూ ఒకే పళ్లెం మీద వాలతాయి.

లెక్క అయ్యాక 20 పెట్టెల అంకెలూ, ఏ పెట్టెలో ఎన్ని ఫ్రేముల పిల్లలున్నాయో వరుసగా రాసి ఇక్కడే పెట్టండి. రాణిని ముందు ఏ పెట్టెల్లో పంజరంలో పెట్టాలో ఆ అంకెలు చూసి చెబుతాను.